కొండెక్కిన కేసు

"ఈ భూమ్మీద అసలు సిసలైన డిటెక్టివ్‌లు ఇద్దరే పుట్టారు," అన్నాడు భూతద్దం, స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి గాలిలో ఊపుతూ. "ఒకడెవరో లోకానికి ఇంకా తెలీదు. రెండోవాడి పక్కన నువ్వు కూర్చున్నావు."

"రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి," అంది పిచ్చుక. "పక్కన లోయ ఉంది."

"లోయ ఉందని నేను గంట కిందటే కనిపెట్టాను."

భూతద్దం అసలు వృత్తి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం. ఆ పేరు దుకాణంలో తోటివాళ్ళు పెట్టింది. ఎగతాళికి పెట్టారన్న సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించి కార్డులు కూడా అచ్చు వేయించుకున్నాడు. 'భూతద్దం. నేర పరిశోధన. వేళలు: దుకాణం మూసిన తరువాత.'

ఇంతవరకు చేపట్టిన కేసులు మూడు. ఒకటి, పోయిన గొడుగు. అది వారం రోజుల పరిశోధన తర్వాత ఆయన చంకలోనే దొరికింది. రెండోది, పైవాటాలో శవం వాసన. తలుపు పగలగొట్టి చూస్తే కుళ్ళిన బంగాళాదుంపలు. మూడో కేసులో ఇంటి యజమాని మారువేషంలో ఉన్న గజదొంగ అని తేల్చి, నిద్రపోతున్న మనిషి మీసం పట్టుకుని లాగాడు. మీసం ఊడలేదు. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

పిచ్చుక ఆయన భార్య. గిన్నె కిందపడినా ఉలిక్కిపడుతుందని చిన్నప్పుడు పుట్టింట్లో ఆ పేరు పెట్టారు. బండి బయలుదేరినప్పట్నించీ ఆవిడకి క్షణం తీరిక లేదు. బ్రేకు పనిచేస్తుందా, గ్యాస్ కట్టానా, టైర్లలో గాలి ఉందా, మలుపు అవతల ఎవరైనా వస్తున్నారా, వస్తే వాళ్ళకి బ్రేకు పనిచేస్తుందా. ఒకరి కంగారు చాలదన్నట్టు ఎదుటి బండి వాళ్ళ కంగారు కూడా తనే పడేది.

అంత భయం ఉన్న మనిషి కొండదారిలో ఇంటిబండి ఎక్కి రావడానికి ఒకటే కారణం. ఏడో తరగతి పుస్తకంలో పదకొండో పాఠం పేరు 'మంచు సరస్సు'. పదో పాఠం అయిన మర్నాడు పిచ్చుక చదువు ఆగిపోయింది. అమ్మకి జబ్బు చేసింది, తమ్ముడు చంటివాడు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. పదకొండో పాఠం ఎవరూ చెప్పకుండానే తనే చదువుకుంది. ఎన్నిసార్లు చదువుకుందంటే, ఆ పేజీలు పుస్తకం నుంచి ఊడి వచ్చేశాయి. ఆ సరస్సు ఈ కొండ మీదే ఉంది. చలికాలానికి దారి మూసేస్తారు. ఆ మూసే రోజు ఇవాళే. పన్నెండు దాటాక పైగేటు పడిపోతే మళ్ళీ వేసవికే తీస్తారు. వేసవికి అక్కడుండేవి మామూలు నీళ్ళే. మామూలు నీళ్ళు ఇంట్లో కుళాయిలోనూ వస్తాయి.

వెనక గదిలో ఏదో దబ్బున పడింది. పిచ్చుక ఉలిక్కిపడింది.

ఇంటిబండి అంటే ముందు రెండు సీట్లు, వెనక ఒక గది. అందులో మడత మంచం, రెండు మంటల స్టవ్, పళ్ళెమంత సింకు, గొళ్ళెం సరిగ్గా పడని అల్మరా ఉన్నాయి. బండి ఎడమకి తిరిగితే అల్మరాలోంచి గరిటెలు దూకేవి. కుడికి తిరిగితే ఉల్లిపాయలు. వాటన్నిటి మధ్యా, మంచం కింద, నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకునే జీవి పేరు ఆధారం.

ఆధారం కుక్క. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. డిటెక్టివ్ దగ్గర ఎప్పుడూ ఆధారం ఉండాలని భూతద్దమే ఆ పేరు పెట్టాడు.

"ఆధారం ఎక్కడ?" అని అడిగాడు ఇప్పుడు.

"మంచం కింద."

"ఏం చేస్తోంది?"

"నిద్రపోతోంది. నిన్న స్నానం చేయించాను కదా, అలిసిపోయింది."

"ఆధారాన్ని కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

పదకొండుకి పది నిమిషాలుందనగా కొండ మొదట్లో, బళ్ళు ఆపుకునే మైదానం వచ్చింది. 'పైగేటు: అరగంట దారి. నేడు 12 గంటలకు మూయబడును' అని బోర్డు ఉంది. పిచ్చుక దాన్ని రెండుసార్లు చదివి, బండి గడియారం చూసి, చేతి గడియారంతో సరిపోల్చుకుంది. బండి తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. అంతా సవ్యంగానే ఉంది. అన్నీ సవ్యంగా ఉంటే ఆవిడకి ఇంకా భయం.

మైదానం చివర ఒక చెక్కగది. దాని ముందు పొయ్యి మీద పెద్ద గంగాళంలో అడవిపళ్ళ పాకం కుతకుతలాడుతోంది. నలభై అయిదేళ్ళ ఆవిడ గరిటె తిప్పుతోంది. మోచేతుల దాకా పళ్ళరసం ఎరుపు.

"నీళ్ళ గొట్టం కావాలమ్మా. మీవారు లేరా?" అని అడిగాడు భూతద్దం.

"లేరు బాబూ. తెల్లారేసరికే కొండెక్కారు."

భూతద్దం టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఎంత ఘోరం. ఎలా జరిగిందమ్మా?"

"జరగడానికేముంది? పెట్టింది తిన్నారు, మంచినీళ్ళు తాగారు, పోయారు."

"పెట్టిందెవరు?"

"ఎవరు పెడతారు? నేనే పెట్టాను."

టోపీ మళ్ళీ నెత్తికెక్కింది. జేబులోంచి నోటుపుస్తకం దిగింది.

"మీకు బాధగా లేదా?"

"మొదట్లో ఉండేది బాబూ. ఇప్పుడు అలవాటైపోయింది."

"అలవాటా?"

"మరి? ఈయనకి ముందు మా మామగారు. ఆయనకీ నా చేత్తోనే పెట్టి పంపేదాన్ని."

"ఆయనా కొండెక్కారా?"

"ఆయనలా ఎక్కినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు," అంది ఆవిడ గర్వంగా. ఇంతలో పాకం పొంగింది. "గొట్టం గోడకి తగిలించి ఉంది, తీసుకోండి. మళ్ళీ అక్కడే పెట్టండి," అంటూ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

భూతద్దం భార్యని బండి చాటుకి లాక్కెళ్ళాడు. కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి. ఆ మెరుపు పిచ్చుకకి తెలుసు. ఇంటి యజమాని మీసం పట్టుకునే ముందు కూడా అలాగే మెరిశాయి.

"ఆవిడ అన్నది విన్నావా?"

"విన్నాను. వాళ్ళాయన కొండెక్కారంట."

"అంటే?"

"అంటే, కొండ ఎక్కారని."

భూతద్దం జాలిగా నవ్వాడు. "అందుకే చదువు మధ్యలో ఆపకూడదంటారు. దీపం కొండెక్కింది అంటే అర్థమేంటి?"

"ఆరిపోయిందని."

"దీపం కొండ ఎక్కుతుందా?"

"ఎక్కదు."

"మరెందుకలా అంటారు?"

"ఆరిపోయింది అని నోటితో అనకూడదని."

"అద్గదీ. ఇప్పుడు చెప్పు. మనిషి కొండెక్కాడంటే?"

పిచ్చుక చుట్టూ చూసింది. ముందు కొండ. వెనక కొండ. ఎడమపక్క ఒక కొండ, దాని వెనక నుంచి తొంగిచూస్తూ ఇంకో కొండ.

"ఇక్కడైతే, చెప్పులేసుకుని ఎక్కాడని," అంది.

"చెప్పులు," అన్నాడు భూతద్దం, వేలు పైకెత్తి. "భేష్ అసిస్టెంటూ. చెప్పుల సంగతి నాకు తట్టలేదు."

రెండు నిమిషాల్లో వెళ్ళి వచ్చాడు. చేతిలో ఒక మగచెప్పు.

"జత గడప పక్కనే ఉంది. చెప్పుల్లేకుండా ఏ మగాడైనా కొండెక్కుతాడా?"

"బూట్లు వేసుకుని ఉంటారు."

"బూట్లున్న మనిషికి చెప్పులెందుకు?"

"మీకు రెండూ ఉన్నాయిగా."

"నా సంగతి వేరు. నేను బతికున్నాను."

పిచ్చుకకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఏవండీ," అంది మెల్లగా, "ఆ పైగేటు కాపలా ఆయనేనేమో. మనం ఎలాగూ అటే వెళ్తున్నాం. అక్కడ ఆయన కనిపిస్తే బతికున్నట్టే కదా."

"పరిశోధనలో అడ్డదారులుండవు. నేరం జరిగిన చోటు వదిలేసి గేట్ల వెంబడి తిరిగే డిటెక్టివ్‌ని ఎక్కడైనా చూశావా? బండి ఇక్కణ్ణుంచి అంగుళం కదలకూడదు."

అని చెప్పు తీసుకెళ్ళి ఆధారం ముక్కు దగ్గర పెట్టాడు. ఆధారం వాసన చూసింది. ఒక తుమ్ము తుమ్మింది. లేచి ఒళ్ళు విరుచుకుని, నేరుగా నడిచి వచ్చి భూతద్దం ప్యాంటు జేబుకి మూతి ఆనించింది.

"ఆధారం నావైపు చూపిస్తోందేమిటి?"

"బిస్కెట్లు మీ జేబులో ఉన్నాయి."

పదకొండూ పది. పిచ్చుక తనే గొట్టం తెచ్చి, తొట్టి నింపి, గొట్టం చుట్టచుట్టి మళ్ళీ గోడకి తగిలించి వచ్చింది. అప్పటికి భూతద్దం గది వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కొత్తగా పూడ్చిన మట్టిదిబ్బ ఒకటి దొరికింది. ఆయన చేతులతో తవ్వుతుంటే ఆధారం కాళ్ళతో తవ్వుతోంది. ఇద్దరిలో ఆధారానిదే పని తీరుగా ఉంది. మూరెడు లోతులో ఇసుక, ఇసుకలో వరసగా పడుకోబెట్టిన క్యారెట్లు.

"చలికాలానికి దాచుకున్నారు," అంది పిచ్చుక. "మా నాయనమ్మ కూడా ఇలాగే దాచేది. మళ్ళీ పూడ్చేయండి, పాపం."

భూతద్దం ఒక క్యారెట్‌ని భూతద్దం కింద పెట్టి చూశాడు. "శవాన్ని పూడ్చే ముందు కూరగాయలతో సాధన చేసింది," అన్నాడు.

పిచ్చుక గోతిలో ఇసుక సర్దుతూ కూర్చుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. "నేనింత దూరం ఎందుకొచ్చానో మీకు తెలుసు కదా?" అంది.

"ఎందుకు తెలీదు? పదకొండో పాఠం."

తెలుసన్నమాట. తెలియక చేస్తే సర్దిచెప్పుకోవచ్చు.

"పన్నెండుకి మూసేస్తారు."

"సరస్సు ఎక్కడికీ పోదు పిచ్చుకా. వచ్చే ఏడాదైనా ఉంటుంది. ఈ శవం వచ్చే ఏడాదికి ఉంటుందా?"

ఆవిడ మట్టి మీద అరచేత్తో తట్టి చదును చేసింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునే మనిషే, కాకపోతే జ్వరం ఎవరు తెచ్చారో కనుక్కోవడానికి కూర్చుంటాడు. వచ్చే ఏడాది అన్న మాట మాత్రం ఆవిడ చిన్నప్పుడు కూడా విన్నది. వచ్చే ఏడాది మళ్ళీ బడికి పంపుతామన్నారు.

భూతద్దం పొయ్యి దగ్గరికి నడిచాడు. "మీరు ఈ చోటు వదిలి కదలడానికి వీల్లేదు," అని ప్రకటించాడు.

"ఎక్కడికి కదులుతాను బాబూ," అంది ఆవిడ గరిటె తిప్పుతూ. "కదిలితే అడుగంటిపోదూ?"

"నేరస్థుల్లో ఇంత గుండెనిబ్బరం ఎప్పుడూ చూడలేదు," అని రాసుకున్నాడు.

అంతలో హారన్ మోగిస్తూ ఒక పాలబండి వచ్చి ఆగింది. వెనక తలుపు లేదు, క్యాన్లు తాడుతో కట్టి ఉన్నాయి. ఇరవై ఏడెనిమిదేళ్ళ డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"అక్కా, నేను పైకి పోతున్నా. ఆయన దగ్గరికే. ఏమైనా చెప్పాలా?"

"చెప్పేదేం లేదు గానీ, ఇదిగో, ఇది ఇచ్చెయ్యి. పొద్దున మరిచిపోయారు," అంటూ ఆవిడ గుడ్డలో కట్టిన పొట్లం తెచ్చింది. రొట్టె, వేయించిన మాంసం. వాసన మైదానమంతా వ్యాపించింది. ఆధారం వాలిన చెవి కూడా లేచింది.

భూతద్దం ఒక్క దూకులో వెళ్ళి డ్రైవరు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తొందరపడకు తమ్ముడూ."

"తొందరేనండీ. పాలు."

"జీవితం చాలా విలువైంది."

"అవునండీ."

"ఇంట్లో నీకోసం ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు? అమ్మా నాన్నా, ఇద్దరు చెల్లెళ్ళు."

"పైకి పోతున్నట్టు వాళ్ళకి చెప్పావా?"

"రోజూ పోయేదేగా. ప్రత్యేకంగా చెప్పేదేముంది?"

భూతద్దం ముఖం పాలిపోయింది. "రోజూనా?"

"ఆదివారం తప్ప."

ఆయన పిచ్చుక వైపు తిరిగి గుసగుసగా అన్నాడు. "రోజూ ప్రయత్నిస్తున్నాడు. ఆదివారం ఒక్కరోజు ఆశ పుడుతున్నట్టుంది."

పిచ్చుక ఆయన్ని దాటుకుని ముందుకొచ్చింది. "పైన పాలు ఎవరికి తమ్ముడూ?"

"వాతావరణం లెక్కలు చూసే కేంద్రం ఉందమ్మా, వాళ్ళకి. గేటు పడేలోపు దాటాలి. సారు చెయ్యి వదిలితే పోతా."

"ముందు ఆ పొట్లం పరీక్షించాలి," అన్నాడు సారు, పొట్లం ఒక కొస పట్టుకుని.

"అది అన్నమండీ."

"అదే చెప్తున్నాను. ఆవిడ చేత్తో పెట్టిన అన్నం."

ఇటు ఒకరు, అటు ఒకరు లాగారు. డ్రైవరు కుర్రతనం గెలిచింది. పొట్లం లాక్కుని వెనక క్యాన్ల మధ్య పడేసి, ఎక్కి, బండి తోలేశాడు. మొత్తం లాగుడులో పొట్లం మీంచి చూపు తిప్పని ప్రాణి ఒకటుంది. అది నాలుగు గంతులు వేసి, అయిదో గంతుకి పాలబండిలో ఉంది.

"ఆధారం," అని అరిచింది పిచ్చుక. "ఏవండీ, ఆధారం పోతోంది."

"ఎక్కడ ఆధారం?"

"పాలబండిలో."

"పాలబండిలో ఏం ఆధారం ఉంది?"

"మన ఆధారమండీ. తోకున్న ఆధారం."

పాలబండి మలుపు తిరిగి కనుమరుగైంది. భూతద్దం క్షణం పాటు చెక్కగది వైపు చూశాడు, క్షణం పాటు దారి వైపు చూశాడు. నేరస్థలమా, ఆధారమా. ఇంత పెద్ద ధర్మసందేహం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"ఆధారం లేనిదే ఏ కేసూ నిలబడదు," అని స్టీరింగ్ ఎక్కాడు.

పదకొండూ ముప్పై రెండు. ఇంటిబండి కొండ ఎక్కుతుంటే మూలిగింది, దగ్గింది, మధ్యలో ఒకసారి ఆలోచనలో పడింది. వెనక గరిటెలూ ఉల్లిపాయలూ వంతులవారీగా దూకుతున్నాయి. పిచ్చుక కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి పెట్టి, ప్రతి మలుపులోనూ లోయ వైపు చూసింది. తలుపు లేని బండి. కుదుపుకి పడిపోయి ఉంటే. సరస్సు సంగతి కాసేపు మనసులో లేదు.

ఒక మలుపులో భూతద్దం బ్రేకు వేశాడు. దిగి, దారి మీద వంగి, అద్దం పెట్టి చూశాడు.

"ఏంటండీ?"

"టైరు గుర్తులు. వాడు ఎటు వెళ్ళాడో చూస్తున్నాను."

"ఉన్నది ఒకటే దారి."

"అందుకే అనుమానం."

అక్కడ అయిదు నిమిషాలు పోయాయి. గేటు కనిపించేసరికి బండి గడియారం పన్నెండూ తొమ్మిది చూపిస్తోంది.

గేటు ఇంకా పైకే లేచి ఉంది.

ఎర్రా తెల్లా రంగులేసిన పొడుగాటి దూలం ఆకాశంలోకి చూస్తోంది. దాని కొన ఆనాల్సిన చోట, దారి అంచున, ఆధారం బోర్లా పడుకుని ఉంది. ముందుకాళ్ళ మధ్య విప్పిన పొట్లం. నాలుగడుగుల దూరంలో, బూట్లు తొడుక్కుని, చేతికర్రతో, యాభై ఏళ్ళ మనిషి నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"ఈ కుక్క మీదేనా?"

"అది మా ఆధారం," అన్నాడు భూతద్దం హుందాగా.

"ఆధారమో, అఘోరమో, ముందు దీన్ని లేపండి. పాలబ్బాయి పొట్లం స్టూలు మీద పెట్టి వెళ్ళాడు. ఇది ఎప్పుడు దిగిందో, ఎటునుంచి వచ్చిందో. తొమ్మిది నిమిషాలుగా గేటు దించనివ్వట్లేదు. దగ్గరికెళ్తే పళ్ళు చూపిస్తోంది. పైగా అది తినేది నా భోజనం."

పిచ్చుక దిగి, ఆధారం పక్కన కూలబడి, దాని ఒళ్ళంతా తడిమింది. ఎక్కడా దెబ్బ లేదు. ఆధారం తోక రెండుసార్లు ఊపి, నమలడం మాత్రం ఆపలేదు.

భూతద్దం ఆ మనిషి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "మీరెవరు?"

"గేటు మనిషిని."

"కింద మైదానంలో ఎర్రచేతులావిడ..."

"మా ఆవిడే."

"అయితే మీరు చచ్చిపోయారు," అన్నాడు భూతద్దం.

గేటు మనిషి కంగారు పడలేదు. కొండమీద ఒంటరిగా పనిచేసేవాళ్ళకి దేనికీ అంత త్వరగా కంగారు రాదు. "ఎప్పుడు?" అని అడిగాడు.

"ఇవాళ తెల్లవారుజామున."

"చంపిందెవరు?"

"మీ ఆవిడ."

"ఇవాళ కాదండీ. ఇరవై రెండేళ్ళయింది, పెళ్ళయి," అని గేటు మనిషి తన మాటకి తనే నవ్వాడు. ఆ నవ్వులో పాలు పంచుకునే పని మగవాళ్ళకే వదిలేసి పిచ్చుక గడియారం చూసింది. పన్నెండూ పదకొండు.

"మీరు కొండెక్కారని ఆవిడే ఒప్పుకుంది," అన్నాడు భూతద్దం.

"ఎక్కానుగా. రెండు గంటలు పట్టింది."

"కాళ్ళతోనా?"

"కాళ్ళతోనే. మా నాన్న గంటన్నరలో ఎక్కేవాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇంట్లో ఉన్నాడు. లోపల గదిలోనే పడుకుని ఉంటాడు, మీకు కనపళ్ళేదా?"

భూతద్దం కిందికి, లోయలోకి చూశాడు. మళ్ళీ ఆ బూట్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నోటుపుస్తకం తీసి, 'కేసు ఛేదించబడినది. హతుడు స్వయంగా దొరికెను' అని రాసి, కింద గీత గీసి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో చిన్న నిరాశ ఉంది. బతికున్న మనిషిని చూసి అలా బాధపడకూడదని ఆయనకీ తెలుసు.

"సరే, మీ కుక్కని తీసుకుని వెనక్కి తిప్పండి," అన్నాడు గేటు మనిషి. "పన్నెండు దాటింది."

పిచ్చుక లేచి నిలబడింది.  గేటు మనిషికి ఎదురుగా వెళ్ళి అంది. "బాబాయిగారూ, నేను సరస్సు చూడాలి."

"వేసవిలో రండమ్మా."

"వేసవిలో అది నీళ్ళు. నాకు గడ్డకట్టింది కావాలి. ఏడో తరగతిలో ఆ పాఠం వచ్చేలోపు నన్ను బడి మాన్పించారు. అది చూడ్డానికే వచ్చాను. మేం పదకొండుకి ముందే కిందికి చేరాం. తప్పు మావారిది. ఆయన మిమ్మల్ని ఎవరో చంపారనుకుని ఆగిపోయారు." ఒక్క క్షణం ఆగి, "మీ మంచి కోసమే," అని కలిపింది.

భూతద్దం టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఆవిడ పరాయి మనిషితో అన్ని మాటలు వరసగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

"తప్పు నాదే," అన్నాడు. డిటెక్టివ్ జీవితంలో నేరం ఒప్పుకున్న మొదటి మనిషి తనే అవుతాడని ఆయన అనుకోలేదు.

గేటు మనిషి తల గోక్కున్నాడు. పైకి లేచి ఉన్న దూలాన్ని చూశాడు, దాని కింద మూతి నాక్కుంటున్న కుక్కని చూశాడు. "గేటు పడితేనే మూసినట్టు. పుస్తకంలో అంతే రాసుంది," అన్నాడు. "పన్నెండుకి దించమన్నారు. దించబోయాను. పడలేదు. అది రాసుకుంటాను. ఇంతకీ మీ బండిలో తినడానికేమైనా ఉందా?"

పిచ్చుక పొద్దున వండిన అన్నం, కూర, మూత గట్టిగా పడని డబ్బాలో తెచ్చి ఇచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని, దారికి వీపు తిప్పాడు.

"నేను తినేటప్పుడు ఎటూ చూడను," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. "దిగే బళ్ళకి నాలుగింటికి ఒకసారి ఎత్తుతాను. నన్నూ ఎక్కించుకుని కిందికి దింపాలి. కూరలో ఉప్పు తక్కువైందమ్మా."

బండి ఆధారం పక్కనుంచి జానెడు ఎడంతో దాటింది. దాటాక పిచ్చుక పిలిస్తే ఆధారం ఖాళీ గుడ్డ నోట కరుచుకుని వచ్చి ఎక్కింది. వెనక గేటు కిర్రుమంటూ పడింది.

"చూశావా?" అన్నాడు భూతద్దం, రెండు మలుపులు దాటాక. "ఆధారం ఉన్నంతసేపు మూసేయడం ఎవడి తరమూ కాదు."

"గేటునా, కేసునా?"

"రెండింటినీ. మొదట్నుంచీ నా పథకం అదే."

పిచ్చుక పక్కకి చూసింది. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

పైన దారి అయిపోయిన చోట పాలబండి ఆగి ఉంది. డ్రైవరు ఖాళీ క్యాన్లు ఎక్కిస్తున్నాడు. భూతద్దం బండి వెనక్కీ ముందుకీ తిప్పి సమంగా ఆపే తంటాలో ఉండగా పిచ్చుక దిగి, భయం భయంగా అతన్ని అడిగింది. "నడిస్తే పగలదా తమ్ముడూ?"

"పగలడమా? నెలయింది గట్టిపడి. నిన్న అవతలి ఒడ్డుకి నా బండి దాని మీదే తోలా. పాలతో సహా."

'మంచు సరస్సు' అని బోర్డు ఉంది. బోర్డు వెనక, మూడు శిఖరాల మధ్య, పిచ్చుక చూపు ఆనినంత మేరా తెలుపే. గాలికి పైపొర మంచు పొడిలా లేచి, కొంత దూరం పాకి, మళ్ళీ కూర్చుంటోంది. చప్పుడు లేదు. ఆవిడ ఉలిక్కిపడటానికి అక్కడ ఏమీ లేదు. బండి మెట్టు మీద కూర్చుంది. ఆధారం వచ్చి పాదాల మీద పడుకుంది.

భూతద్దం దిగి, బోర్డు చదివి, దాని వెనక్కి తొంగిచూశాడు. మళ్ళీ బోర్డు చదివాడు.

"పిచ్చుకా. ఇక్కడ సరస్సు ఉండాలి."

"ఊఁ."

"లేదు."

"ఊఁ."

"ఉత్త మైదానం ఉంది. ఒక్క చుక్క నీళ్ళు లేవు." ఆయన గొంతు తగ్గింది, కళ్ళు మిలమిల మెరిశాయి. "ఇంత సరస్సుని ఒక్కడు ఎత్తుకుపోలేడు. ఇది ముఠా పని."

పిచ్చుక నోరు తెరిచింది. చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. అది పదకొండో పాఠంలో రెండో పేరాలో ఉంది. ఆవిడ నోరు మూసుకుంది.

"మీరు వెతకండి," అంది. "తొందరేం లేదు. నాలుగింటిదాకా టైముంది."

ఆయన భూతద్దం చేతపట్టి, నడుం వంచి, మంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ బయలుదేరాడు. పోయి పోయి చిన్న చుక్కంత అయ్యాడు. సరస్సుకి సరిగ్గా నడిమధ్యన ఆగి, అన్ని దిక్కులూ చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు.

"ఏమీ వదల్లేదే, వెధవలు."

పిచ్చుక అక్కణ్ణుంచే చెయ్యి ఊపింది.